ఇడుపు కాయితం

2006లో నేనొక ఇడుపు కాయితం రాశాను. అప్పటికి ఉపాధ్యాయ ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. గోదావరిఖనిలో మేము అద్దెకుంటున్న వాడలో గుండ్రంగా, తప్పుల్లేకుండా రాసేవాడంటే పంతులేనని అందరి నమ్మకం. ఒక ఆదివారం పొద్దున నలుగురు పెద్దమనుషులు ఇరవై రూపాయల స్టాంపు కాగితం పట్టుకుని వచ్చారు. వాళ్ళ వెనుక ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ ఆడమనిషి, ఆమె మేనమామ, ఊరి నుంచి వచ్చిన ఆమె భర్త, అతని అన్న ఉన్నారు. "సారూ, మాటలన్నీ అయిపోయినయ్. మీరు రాసుడే ఉన్నది" అన్నారు. పుస్తె, మెట్టెలు తిరిగి ఇచ్చినట్టు, పెండ్లి ఖర్చు ఇంత అని తెంపుకున్నట్టు, నేటి నుండి ఒకరి మీద ఒకరికి ఎట్టి హక్కూ లేనట్టు, ఆమె మరొకరిని మనువాడితే అతనికి అభ్యంతరం లేనట్టు రాశాను. ఇద్దరూ వేలిముద్రలు వేశారు. సాక్షుల కింద నా సంతకం కూడా పెట్టాను. మంచిపని చేశాననే అనుకున్నాను. ఆమె ఒంటి మీద దెబ్బలు నేను చూశాను మరి.

మూడు నెలలకు ఆమె ఒక బాయి కార్మికుణ్ణి మారుమనువు చేసుకుంది. అతని మొదటి భార్య చనిపోయింది, ఒక ఆడపిల్ల ఉంది. కొత్త చీర కట్టించారు, పుస్తె కట్టించారు, పదిమందికి అన్నం పెట్టారు. బ్రాహ్మడు లేడు, హోమం లేదు, ఏడడుగులు లేవు. పదకొండేళ్ళ కాపురం, ఒక కొడుకు. 2017లో అతను జబ్బుపడి చనిపోయాడు. నామినీ కాగితాల్లో చనిపోయిన మొదటి భార్య పేరే ఉంది. అతను మార్పించుకోలేదు, ఎవరూ గుర్తుచేయలేదు. పెద్దబిడ్డ భర్త కోర్టుకు పోయాడు. అతని వాదన ఒకటే: ఈమె మొదటి భర్త బతికే ఉన్నాడు, కోర్టు విడాకులు లేవు, కాబట్టి ఈమె మా మామకు భార్య కాదు.

కాగితం రాసినవాణ్ణి గనుక నన్ను సాక్షిగా పిలిచారు. "ఈ కులంలో ఇట్లా విడాకులిచ్చుకునే ఆచారం అనాదిగా ఉందని మీకెట్లా తెలుసు?" అని అవతలి వకీలు అడిగాడు. "అందరికీ తెలిసిందే కదండీ" అన్నాను. "అందరికీ తెలిసింది కోర్టుకు తెలియదు మాస్టారూ, రుజువు చెప్పండి" అన్నాడు. ఎమ్మేలో ప్రబంధాల్లోని అష్టవిధ వివాహాల మీద పేజీలకు పేజీలు రాసినవాణ్ణి, నా చుట్టూ ఉన్నవాళ్ళ వివాహం గురించి ఒక్క రుజువు చెప్పలేక దిగివచ్చాను. ఈ వ్యాసం ఆనాడు బోనులో చెప్పలేకపోయిన జవాబు అనుకోవచ్చు. ఆలస్యమైంది, అయినా రాయాలి.

మన సాహిత్య చరిత్రలో పునర్వివాహం 1881 డిసెంబరు 11న మొదలవుతుంది. ఆ రోజు రాజమహేంద్రవరంలో వీరేశలింగం బాలవితంతువు గౌరమ్మకూ గోగులపాటి శ్రీరాములుకూ పెళ్ళి చేయించాడు. అది గొప్ప సాహసం. ఆయనకు జరిగిన వెలినీ, ఆ దంపతులు పడ్డ కష్టాన్నీ తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు. కాని 'ఆంధ్రదేశంలో తొలి వితంతు వివాహం' అని మన పాఠ్యపుస్తకాలు రాసినప్పుడు, 'ఆంధ్రదేశం' అంటే ఎవరు అని తరగతిలో ఒక్క పిల్లవాడైనా అడగడు. ఆ నాటికి ఈ దేశంలో పొలం దున్నే, గొర్లు కాసే, మగ్గం నేసే, చెప్పులు కుట్టే కులాల్లో వితంతువు మళ్ళీ మనువు పోవడం వార్త కాదు. భర్త బతికుండగానే పెద్దమనుషుల ముందు విడిపోయి మరొకరింటికి పోవడమూ వార్త కాదు. దానికొక పేరుంది, పద్ధతుంది, ఖర్చు లెక్క ఉంది. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాల మీద ఇంగ్లీషులో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో కులం తర్వాత కులం దగ్గర వితంతువు మళ్ళీ పెళ్ళాడవచ్చుననీ, విడాకులున్నాయనీ వస్తూనే ఉంటుంది. మద్రాసు వైపు 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాలు వేశాడు. అక్కడా ఇదే. నేను బోనులో నిలబడిన రోజున ఈ రెండు పుస్తకాల పేర్లూ నాకు తెలుసు. చదవలేదు, అంతే.

'విడాకు' అన్న మాటలోనే ఆకు ఉంది. కాగితానికి ముందు మన రాతంతా ఆకు మీదే. ఆ మాటను సంస్కృతం నుంచి గాని ఇంగ్లీషు నుంచి గాని తెచ్చుకోలేదు. ధర్మశాస్త్రం వివాహాన్ని జన్మజన్మల సంస్కారమని చెబుతూ ఉండగానే ఈ భాష మాట్లాడేవాళ్ళు విడిపోవడానికి తమ సొంత మాట తయారుచేసుకున్నారు. మాట ఉందంటే అవసరం ఉంది, అవసరం ఉందంటే ఆచారం ఉంది. వకీలుకు ఈ జవాబు చెప్పి ఉంటే నవ్వేవాడేమో గాని, భాషాశాస్త్ర విద్యార్థులకు ఇది నవ్వులాట కాదు.

ఇలా అన్నానని మారుమనువు స్త్రీ స్వేచ్ఛకు ఆనవాలు అని ఎవరూ పొరపడకూడదు. ఎంగెల్స్ 1884లో కుటుంబం పుట్టుక గురించి రాస్తూ ఆస్తి లేని శ్రామికుల ఇంట్లో మగవాడి పెత్తనానికి ఆర్థిక పునాది ఉండదన్నాడు. మన దగ్గర ఆస్తి లేని ఇంట్లోనూ పెత్తనం ఉంది. దానికి పునాది ఆమె రెక్కలు. విడిపోయేటప్పుడు పెండ్లి ఖర్చు తిరిగి కట్టాలనే నియమానికి అర్థం అదే: ఆ ఇంటికి ఒక పనిమనిషి తగ్గుతున్నది, నష్టం పూడ్చాలి. మారుమనువు ఆమెకు మొదటి లగ్గానికి ఉన్న గౌరవం ఉండదు, శుభకార్యాల్లో వెనక నిలబడాలి. తప్పెవరిదో తేల్చేది మగ పెద్దమనుషులే. ఇన్ని లోపాలున్నా ఒక్క గుణం మాత్రం ఉంది. ఆ పద్ధతిలో బయటికి తోవ ఉంది. దెబ్బలు తినే ఆడది ఆరునెలల్లో బయటపడేది. ఆ తర్వాత వచ్చిన చట్టాలు ఈ తోవను ఏంచేశాయన్నదే చారిత్రక ప్రశ్న.

మొదటి దెబ్బ సంస్కరణ పేరుతోనే పడింది. 1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టం వితంతువుకు మళ్ళీ పెళ్ళాడే హక్కిచ్చింది. దాని రెండవ సెక్షన్, మళ్ళీ పెళ్ళాడితే చనిపోయిన భర్త ఆస్తి మీద హక్కు పోతుందన్నది. ఏ కులాల్లో పునర్వివాహానికి తోవే లేదో వాళ్ళకు ఇది లాభం, ఒకటి పోయినా ఒకటి వచ్చింది. మరి ఈ చట్టంతో పని లేకుండానే వందల ఏళ్ళుగా మారుమనువు పోతున్న స్త్రీల సంగతి? వాళ్ళకూ ఆస్తి పోతుందని మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టులు అన్నాయి. కుల ఆచారం ప్రకారం పోయినవాళ్ళకు పోదని అలహాబాదు హైకోర్టు ఒక్కటి అడ్డంగా నిలబడింది. అంటే పై కులాల స్త్రీకి తలుపు తెరవడానికి చేసిన చట్టం, కింది కులాల స్త్రీ చేతిలోని గుంటెడు భూమిని లాక్కుంది. మన సంస్కరణోద్యమ చరిత్రకారులు ఈ పేజీ దగ్గర ఎందుకో వేగంగా పుట తిప్పేస్తారు.

రెండో ఘట్టం ద్విభార్యాత్వ నిషేధం. ఇక్కడ తెలుగు నేల రెండుగా చీలి ఉండటం గమనించవలసిన విషయం. మద్రాసు రాష్ట్రంలో 1949లో హిందువుల ద్విభార్యాత్వ నిషేధ, విడాకుల చట్టం వచ్చింది. అంతకుముందే 1946లో బొంబాయిలో వచ్చింది. కాబట్టి కోస్తా, రాయలసీమ జిల్లాల్లో 1949 తర్వాత భార్య ఉండగా మరో పెళ్ళి చేసుకుంటే అది చెల్లదు. హైదరాబాదు రాష్ట్రంలో అటువంటి చట్టం లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం చివర్లో తాను రద్దుచేస్తున్న పాత చట్టాల జాబితా ఉంది. అందులో బొంబాయి ఉంది, మద్రాసు ఉంది, సౌరాష్ట్ర ఉంది. హైదరాబాదు లేదు. అంటే 1955 మే 18 దాకా కృష్ణకు అటువైపు నేరమైనది ఇటువైపు సంసారం. ఇక్కడి దొరలకూ, దేశముఖులకూ, వాళ్ళను చూసి నేర్చుకున్న పటేళ్ళకూ ఆరేళ్ళ వ్యవధి అదనంగా దొరికింది. ఆ వ్యవధిలో ఇక్కడి స్త్రీలు ఏం కోల్పోయారో అంచనా వేసిన పరిశోధన నా కంటపడలేదు. సాయుధ పోరాటం జరిగిన నేల మీదే, పోరాటం ముగిసిన కాలంలోనే ఇది జరిగింది.

1955 చట్టం మేలైన చట్టమే. అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లు కోసం పెనుగులాడి 1951లో మంత్రిపదవి వదులుకున్న తర్వాత ముక్కలు ముక్కలుగా వచ్చినవాటిలో ఇది ఒకటి. పెళ్ళి నాటికి ఇద్దరిలో ఎవరికీ భార్య గాని భర్త గాని బతికి ఉండకూడదని 5వ సెక్షన్ చెబుతుంది. ఉంటే ఆ పెళ్ళి మొదటి నుంచీ శూన్యం. శిక్షాస్మృతి 494 కింద ఏడేళ్ళ దాకా, మొదటి పెళ్ళి దాచిపెడితే 495 కింద పదేళ్ళ దాకా శిక్ష. 2024 జులై నుంచి శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవే శిక్షలు 82వ సెక్షన్‌లోకి మారాయి.

చట్టం ఇంత గట్టిగా ఉంటే మన బొగ్గుబాయి కాలనీల్లో, ఊళ్ళో ఒక ఇల్లు, బాయి కాడ ఒక ఇల్లు నడిపిన మగవాళ్ళు ఎందుకు జైలుకు పోలేదు? దీనికి జవాబు 1965లో సుప్రీంకోర్టు చెప్పిన ఒక తీర్పులో ఉంది. మహారాష్ట్రలో ఒకడు భార్య ఉండగా 1962లో మరొకామెను గాంధర్వ పద్ధతిలో పెళ్ళాడాడు. కింది కోర్టులు శిక్ష వేశాయి. సుప్రీంకోర్టు ఏమన్నదంటే, పెళ్ళి 'జరిగింది' అనాలంటే తగిన తంతుతో జరగాలి, ఇక్కడ హోమం, సప్తపది లేవు, అవి అక్కరలేదనే ఆచారం రుజువు కాలేదు, కాబట్టి రెండో పెళ్ళి పెళ్ళే కాదు, కాబట్టి నేరమూ లేదు. అతను విడుదలయ్యాడు.

ఈ తర్కాన్ని విద్యార్థులు నిదానంగా చదవాలి. మొదటి పెళ్ళి ఉన్నవాడు రెండో పెళ్ళి సక్రమంగా చేసుకుంటే నేరస్థుడు, అక్రమంగా చేసుకుంటే నిర్దోషి. ఏడడుగులు నడవకపోవడమనే ఒకే ఒక్క లోపం అతణ్ణి జైలు నుంచి తప్పిస్తుంది, అదే లోపం ఆమెను భార్య కాకుండా చేస్తుంది. చట్టం తెలిసిన మగవాళ్ళు గుడికి తీసుకుపోయి దండలు మార్చి తీసుకురావడం ఊరికే నేర్చుకోలేదు. ఇక సినిమావాళ్ళు ఇద్దరు పెళ్ళాల మొగుడి అవస్థలను హాస్యం చేసి నూరు రోజులు ఆడించుకున్నారు. ఆ సినిమాల్లో ఏ పెళ్ళామూ భరణం కేసు వేయదు.

తమిళనాడులో దీనికి విరుగుడు కనబడుతుంది. పెరియార్ ఆత్మగౌరవ వివాహాలను 1967లో అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టానికి 7-ఏ చేర్చి చెల్లుబాటు చేసింది. బంధుమిత్రుల ముందు దండలో, ఉంగరాలో మార్చుకున్నా, తాళి కట్టినా చాలు. దాని ఫలితం పెళ్ళి దగ్గరే ఆగలేదు. 1984లో తిరుత్తణిలో రెండో పెళ్ళి చేసుకున్న ఒకతను, సప్తపది లేదు గనుక నాది పెళ్ళి కాదని వాదిస్తే, 2001లో సుప్రీంకోర్టు 7-ఏ ప్రకారం అది పెళ్ళేనని, కాబట్టి అతను నేరస్థుడేనని తేల్చింది. తంతు తగ్గితే తప్పించుకునే సందు కూడా తగ్గింది.

ఇక్కడ మనలో మనం ఒక మాట చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ సవరణ లేదు. మన సంఘాల సభల్లో ఎన్ని దండల పెళ్ళిళ్ళు జరిగాయి! అధ్యక్షుడు ప్రమాణం చదివించడం, కవులు కవితలు చదవడం, చివర్లో అరటిపండు, మిక్చరు. నేనూ అలాంటి పెళ్ళిళ్ళలో మాట్లాడాను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు చేయించుకున్నారా అని వేదిక దిగాక అడిగిన జ్ఞాపకం నాకు లేదు. అడగడం చిన్నతనమనిపించేది, రాజ్యం ముద్ర మనకెందుకు అనుకునేవాళ్ళం. ఆ తర్వాత ఆదర్శ భర్తల్లో కొందరు ఊళ్ళో తల్లిదండ్రులు చూసిన పిల్లను సప్తపదితో సహా చేసుకున్నారు. అప్పుడు తెలిసింది, రాజ్యం ముద్ర అక్కరలేనిది వాళ్ళకేనని. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చింది. కాని నమోదు వేరు, పెళ్ళి వేరు. తంతు లేని నమోదు పత్రం ఒక్కదానితో హిందూ వివాహ చట్టం కింద పెళ్ళి అయినట్టు కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. దండల పెళ్ళి వాళ్ళకు గట్టి దారి ప్రత్యేక వివాహ చట్టమే.

మరి తంతూ నమోదూ రెండూ లేకుండా ఏళ్ళ తరబడి కలిసి బతికినవాళ్ళ మాటేమిటి? ఇంగ్లీషువాళ్ళు దీన్ని కామన్ లా వివాహం అంటారు. వింతేమిటంటే ఇంగ్లండులోనే అది లేదు. 1753లో హార్డ్‌విక్ చట్టం చర్చిలో, అర్చకుడి ముందు జరగని పెళ్ళిని కొట్టివేసింది. మినహాయింపు యూదులకూ క్వేకర్లకూ మాత్రమే. స్కాట్లండులో సహజీవనం, లోకఖ్యాతి ఆధారంగా పెళ్ళిని గుర్తించే పద్ధతి 2006 దాకా నడిచింది. అమెరికాలో టెక్సాస్, కొలరాడో వంటి కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికీ ఉంది. ఈ విషయంలో అందరికంటే ముందుకు వెళ్ళింది సోవియట్ రష్యా. 1926 నాటి కుటుంబ స్మృతి నమోదు కాని కాపురానికి కూడా భరణం, ఆస్తి హక్కులు ఇచ్చింది. 1944 జులైలో యుద్ధం మధ్య స్టాలిన్ ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుని, నమోదైన పెళ్ళికి మాత్రమే హక్కులన్నది. పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డకు తండ్రిని చూపించే హక్కు కూడా తల్లికి లేకుండా పోయింది. మన పత్రికలు 1926ను తలుచుకున్నంతగా 1944ను తలుచుకోవు.

మన దేశంలో ఆ పేరుతో వివాహం లేదు గాని, సాక్ష్యచట్టంలో ఒక ఊహ ఉంది. స్త్రీపురుషులు చాలాకాలం భార్యాభర్తలుగా బతికితే, లోకం అలాగే చూస్తే, పెళ్ళి జరిగిందనే కోర్టు ఊహించవచ్చు. 1927లో సింహళం నుంచి వచ్చిన కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పిందీ, సుమారు యాభై ఏళ్ళ కాపురం గురించి 1978లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. కాని అది ఊహ మాత్రమే. ఎవరైనా మొదటి భార్యనో మొదటి భర్తనో తెచ్చి నిలబెడితే కూలిపోతుంది. ఇది మావాళ్ళకు పనికిరాని గొడుగు, వాన లేనప్పుడే తెరుచుకుంటుంది.

పాత ధర్మశాస్త్రం ఒక విషయంలో కొంత నయమనిపిస్తుంది. మితాక్షరలో 'అవరుద్ధస్త్రీ' అనే మాట ఉంది. ఒక్కడితోనే చివరిదాకా ఉన్న ఆమెకు అతని ఆస్తి నుంచి భరణం ఇవ్వాలని 1926లో ప్రివీ కౌన్సిల్ కూడా ఒప్పుకుంది. 1956 నాటి దత్తత, భరణాల చట్టం ఆధారితుల పట్టికలో ఆమెను చేర్చలేదు. పిల్లలకు చోటిచ్చి తల్లిని తీసేసింది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలోనూ అంతే, పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లలు ఆధారితులే, వాళ్ళ తల్లి మాత్రం కాదు. ఆమెకు మళ్ళీ చట్టంలో చోటు దొరకడానికి 2005 గృహహింస చట్టం దాకా ఆగవలసివచ్చింది. 'వివాహం వంటి సంబంధం' అన్న మాటతో ఆ చోటు దొరికింది. 2010లో సుప్రీంకోర్టు ఆ మాటకు హద్దులు గీసింది: ఇద్దరూ పెళ్ళాడటానికి అర్హులై ఉండాలి, అంటే వేరే పెళ్ళి ఉండకూడదు. ఆ తీర్పులో వాడిన 'కీప్' అనే ఇంగ్లీషు మాటకు న్యాయవాది ఇందిరా జైసింగ్ కోర్టులోనే అభ్యంతరం తెలిపారు. 'ఉంచుకున్నది' అని మనమూ రాస్తూనే ఉన్నాం. ఆ మాటలో కర్త ఎవరో, కర్మ ఎవరో వ్యాకరణం చదివినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

ఈ వ్యవహారానికి బొగ్గు గనుల్లో పదును ఎక్కువ. వ్యవసాయ కూలీ ఇంట్లో పెళ్ళి చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న ఎన్నటికీ రాకుండానే బతుకులు తెల్లారతాయి, పంచుకోవడానికి ఏమీ ఉండదు గనుక. ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడింది. తట్టా చెమ్మసు పట్టిన తొలి తరాల మనుగడలో మారుమనువుకు ఎవరూ కాగితం అడిగి ఉండరు. అడగడం ఎప్పుడొచ్చిందంటే కార్మికుడి చావుకు, ఒంట్లో శక్తి పోవడానికి ఒక విలువ కట్టినప్పుడు వచ్చింది. 1948లో బొగ్గుగనుల భవిష్యనిధి చట్టం, 1971లో కుటుంబ పింఛను, 1975 నుంచి జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలు. ఆ ఒప్పందాల్లో ఆధారితుల ఉద్యోగానికి అర్హుల వరుస ఉంది: భార్య లేదా భర్త, పెళ్ళి కాని కూతురు, కొడుకు, చట్టబద్ధంగా దత్తత తీసుకున్న కొడుకు. ఇవన్నీ పోరాడి సాధించుకున్న హక్కులే. కాని ప్రతి హక్కూ ఒక పత్రం అడుగుతుంది. పత్రంలో 'భార్య' అనే గడి ఒక్కటే ఉంటుంది.

వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసినప్పుడు బొగ్గుబాయి ప్రాంతమంతా అట్టుడికింది. ఆ గొడవలో వారసుడు అంటే ఎవరు అన్న ప్రశ్న మరుగునపడింది. కోర్టుల్లో మాత్రం అది నలుగుతూనే ఉంది. మధ్యప్రదేశ్‌లో చనిపోయిన ఒక బొగ్గుగని కార్మికుడి కేసును 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అతనికి ఇద్దరు భార్యలు. నామినీగా రాసినదీ, నలుగురు పిల్లల్ని కన్నదీ రెండో ఆమె. వారసత్వ సర్టిఫికెట్ ఆమె పేరనే ఇచ్చి, మొదటి భార్యకు ఐదో వంతు పంచమన్నారు. అంటే సర్టిఫికెట్ చేతికొచ్చిన ఆమెకు భార్యగా వాటా లేదు, పిల్లల నాలుగు వంతులకు ఆమె కావలి. 1976 సవరణ తర్వాత 16వ సెక్షన్ శూన్య వివాహంలో పుట్టిన పిల్లల్ని కూడా సక్రమ సంతానమే అంటుంది. రెండో భార్య కొడుకన్న కారణంతో కారుణ్య నియామకం నిరాకరించరాదని రైల్వే ఉద్యోగుల కేసుల్లో 2018లో, 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

గిరిజనుల సంగతి వేరు. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప 1955 చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. బాయిల పక్కనే ఉన్న గోండు, కోయ గూడేల్లో ఆచారమే చట్టం. ఒకే షిఫ్టులో దిగే ఇద్దరు కార్మికులు ఒకే పని చేస్తే ఒకరికి నేరం, మరొకరికి కాదు.

ఇక మిగిలింది నా కాగితం సంగతి. అది పూర్తిగా చెల్లని కాగితమేమీ కాదు. 1955 చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం విడాకులు పొందే హక్కును తాకనంటుంది. కాని ఆచారం ఉందని చెప్పుకునేవాళ్ళే దాన్ని వాదించి రుజువు చేసుకోవాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆచారం రుజువు చేయడానికి వయసు మళ్ళిన కులపెద్దలు కావాలి, పాత కేసులు కావాలి, పుస్తకాలు కావాలి. మా కాగితంలో కులం పేరైతే ఉంది గాని, ఆ కులంలో ఈ ఆచారం ఉందన్న వాక్యమే లేదు. నేను రాయలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను.

2025 జనవరి 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివినప్పుడు నాకు ఆ ఆదివారం పొద్దు గుర్తొచ్చింది. హైదరాబాదు స్త్రీ ఒకామె 2005లో మొదటి భర్తతో ఒక ఒప్పంద పత్రం రాసుకుని విడిపోయింది, కోర్టుకు పోలేదు. తర్వాత ఇంకొకరిని పెళ్ళాడింది, కూతురు పుట్టింది. మొదటి పెళ్ళి సంగతి అతనికి ముందే తెలుసు. భరణం అడిగేసరికి ఆమె నా భార్యే కాదన్నాడు. 2017లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల ఉమ్మడి హైకోర్టు అతని మాటే విన్నది. సుప్రీంకోర్టు జస్టిస్ నాగరత్న, జస్టిస్ శర్మల ధర్మాసనం ఆ తీర్పును తిప్పి, తెలిసే పెళ్ళాడినవాడు తర్వాత తప్పించుకోలేడనీ, భరణం ఇవ్వాలనీ చెప్పింది. ఆ ఒప్పంద పత్రం చట్టప్రకారం విడాకులు కాకపోయినా, వాళ్ళిద్దరూ విడిపోయారన్న వాస్తవానికి కోర్టు విలువ ఇచ్చింది. అలహాబాదు హైకోర్టు ఒకప్పుడు ఒంటరిగా నిలబడ్డ చోటికి ఇన్నాళ్ళకు కొంత చేరువయ్యాం అనిపించింది. కొంతే, ఎందుకంటే ఇది బతికున్న మొగుడు ఇచ్చే భరణం గురించి. చచ్చిపోయిన మొగుడి భవిష్యనిధి గురించి కాదు.

మా కేసు అంతదూరం పోలేదు. 2019లో లోక్ అదాలత్‌లో రాజీ అయింది. పెద్దబిడ్డకు సగం, కొడుకుకు సగం. కొడుకు సగం మేజరయ్యేదాకా బ్యాంకులో, తల్లి సంరక్షకురాలు. రాజీ పత్రంలో ఆమె పేరు పక్కన భార్య అని లేదు, మైనరు తల్లి అని ఉంది. "ఏమని ఉన్నది సారూ?" అని నన్నే చదివి చెప్పమంది. చదివాను. "పదకొండేండ్లు బాయి బట్టలు నేనే పిండిన గద సారూ" అన్నది, ఇంకేమీ అనలేదు. పిల్లవాడు అప్పుడు మా బడిలోనే ఆరో తరగతి. అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు గడిలో ఏ అనుమానమూ లేకుండా తండ్రి పేరే ఉంది. తల్లి పేరు గడిలో ఆమె ఇంటిపేరు మాత్రం మొదటి భర్తది. ఆధారు కార్డులో అదే ఉందట, మార్పించాలంటే పెండ్లి సర్టిఫికెట్ అడుగుతారు.

పోయిన ఎండాకాలంలో మళ్ళీ ఇద్దరు పెద్దమనుషులు ఇంటికొచ్చారు, స్టాంపు కాగితం పట్టుకుని. ఈసారి నేను షరతు పెట్టాను. వాళ్ళ కులంలో ఈ ఆచారం ఎన్ని తరాల నుంచి ఉందో, ఎవరెవరు ఇట్లా విడిపోయారో, ఊళ్ళ పేర్లు, ఏళ్ళతో సహా కాగితంలో రాయాలన్నాను. మీద నుంచి కోర్టులో కూడా పరస్పర అంగీకారంతో విడాకులకు వేయమన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అగో, గంత పెద్ద కతనా సారూ" అని లేచారు. సాయంత్రానికి చౌరస్తాలో జిరాక్స్ సెంటర్ పిల్లవాడి దగ్గర టైపు చేయించుకున్నారని తెలిసింది.